ఆ ఏడు పడావు

పగబట్టినవాళ్లకి కంటిమీద కునుకుండదంటారు. ఉత్తమాట. భవిత హాయిగా నిద్రపోయి లేచింది. ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, అల్వాల్ మార్కెట్‌కి వెళ్లి, దగ్గరుండి నాటుకోడి కోయించుకుని వచ్చింది. జొన్నపిండి, దోసకాయలు, చింతచిగురు కూడా తెచ్చింది. ఆ హడావిడి చూస్తే పెళ్లిచూపులని పక్కింటివాళ్లు అనుకునేలా ఉంది.

"గింత కోడి ఎందుకే? ఆల్లు తింటరో తినరో," అంది తల్లి వజ్రమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"తింటరు. అడిగే పిలిచిన. సారుకు మన చెలకల పండిన జొన్నలతోని రొట్టె తినిపిద్దామంటే చెలక లేకపాయె. కొన్న పిండితోనే కానియ్యి."

ఆ గొంతులో వెటకారం వజ్రమ్మకి అర్థమైంది. గుమ్మంలో కుర్చీలు తుడుస్తున్న గౌరయ్యకి ఇంకా బాగా అర్థమైంది. ఆయన పొద్దుటి నుంచీ తుడిచిన కుర్చీనే మళ్లీ తుడుస్తున్నాడు.

"పిలువకుంటే ఏమాయె బిడ్డా? పెద్దమనిషి. నీకు సదువు చెప్పిండు. ఇగ గా ముచ్చట ఇడిసిపెట్టరాదు," అన్నాడు మెల్లగా.

"ఎట్ల ఇడుస్త బాపు? ఆ దినం నీ నోట్ల నాలిక లేకపాయె. నిలబడి నాలుగు మాటలు చెప్పి ఉంటే, ఇయ్యాల నాకీ పని పడునా?"

గౌరయ్య తల వంచుకుని ఇంకో కుర్చీ అందుకున్నాడు. ఈ మాట ఆయనకి కొత్త కాదు. కూతురికి పదిహేనేళ్లు వచ్చినప్పటి నుంచి పడుతూనే ఉన్నాడు. ఒక్కసారీ బదులు చెప్పలేదు. తిరగబడని మనిషిని అనే సుఖం భవితకి బాగా అలవాటైపోయింది.

ఇంతకీ సంగతేమిటంటే, శామీర్‌పేట అవతల ఒక పల్లెలో గౌరయ్యకి సర్కారు పట్టా ఇచ్చిన రెండెకరాల ఎర్రచెలక ఉండేది. అలాంటివి ఆ పక్కన పద్నాలుగు కుటుంబాలకి ఉండేవి. వానమీద పండే నేల. రెండేళ్లు జొన్నో కందో వేసి, మూడో ఏడు బలం పుంజుకోవాలని అందరూ కలిసి ఊరికే వదిలేసేవారు. అలా వదిలేసిన ఏడాదే, అంటే పందొమ్మిది వందల తొంభైలో, ఒక జీపు వచ్చింది. చెట్లు పెంచడానికి ఎక్కడెక్కడ ఖాళీ భూములున్నాయో చూసి చెప్పమని ప్రభుత్వం పంపిన ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ అందులోంచి దిగాడు. ఆయనే రాజారావు. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయాడు. తన రిపోర్టులో మాత్రం రెండు ముక్కలు రాశాడు: ఇవి బంజరు భూములు, సాగులో లేవు.

అలా ఇచ్చిన భూమిని సాగు చేయకపోతే సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంది. జొన్న పండిన చోట నీలగిరి చెట్లు లేచాయి. రెండేళ్లకి ఆ పక్క బావులూ ఎండిపోయాయి. గౌరయ్య పెళ్లాం బిడ్డలతో అల్వాల్ వచ్చి ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్ అయ్యాడు, వజ్రమ్మ నాలుగిళ్లలో అంట్లు తోమింది. ఆ రిపోర్టు బాగుందని రాజారావుని ఢిల్లీ పిలిచింది. ఢిల్లీ పిలిచాక పై దేశాలూ పిలిచాయి. సుస్థిర అభివృద్ధి అంటే ఏమిటో ప్రభుత్వాలకి చెప్పే పెద్దమనిషి అయిపోయాడు. మా బాపు వీపు మీద కాలుపెట్టి ఎక్కాడని భవిత మనసులో రాసిపెట్టుకుంది.

కావాలనే ఆయన దగ్గరే పీహెచ్‌డీకి చేరింది. ఆయన ప్రాణం పెట్టి చెప్పాడు, ఆమె ప్రాణం పెట్టి నేర్చుకుంది. చెట్టు నీడన కూర్చునే గొడ్డలి నూరుకుంది. ఇప్పుడు రెండువేల తొమ్మిదిలో, ఆ నీలగిరి తోటల మంచిచెడ్డలు తేల్చడానికి వేసిన ప్రభుత్వ సంఘంలో తనూ సభ్యురాలు. సోమవారం నివేదిక అందజేయాలి. అందులో నలభై ఒకటో పేజీ భవిత రాసింది. ఢిల్లీలో ఒక పెద్ద సలహా మండలికి రాజారావుని అధ్యక్షుణ్ణి చేయబోతున్నారు. ఆ పేజీ బయటికొస్తే ఆ కుర్చీ కాదు కదా, పీట కూడా దొరకదు.

మరి సోమవారం ఇచ్చేస్తే పోయేదిగా, భోజనానికి పిలవడం దేనికి? దూరం నుంచి రాయి వేస్తే ఏం సుఖం? తగిలినప్పుడు మొహం చూడొద్దూ!

పన్నెండు దాటాక కారు వచ్చింది. రాజారావు నెరిసిన జుట్టుతో, చేతిలో బత్తాయిల సంచీతో దిగాడు. ఆయన భార్య జానకీదేవి వజ్రమ్మకి జాకెట్టు గుడ్డ తెచ్చింది. "మా ఇంట్లో రోజూ మీ అమ్మాయి గురించే వదినగారూ. కూతురు లేని లోటు తీర్చింది," అంటూ చొరవగా వంటింట్లోకి వెళ్లి రొట్టెలు చూసి మురిసిపోయింది. రాజారావూ గౌరయ్యా మాత్రం ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. భవిత అది గమనించి, దొంగకి సిగ్గేసిందనుకుంది.

విస్తళ్లు వేశారు. రాజారావు రొట్టె తుంచి కూరలో అద్ది నోట పెట్టుకున్నాడు.

"ఎట్లున్నది సార్?"

"అమృతంలా ఉందమ్మా."

"మా చెలక జొన్నయితే ఇంకా రుచి ఉండేది. బంజర్ల పండింది గద!"

ఆయన చెయ్యి ఆగింది. భవిత లేచి వెళ్లి కాగితం తెచ్చి ఆయన విస్తరి పక్కన పెట్టింది.

"తినేటప్పుడు ఏందే గీ పాడుపని?" అంది వజ్రమ్మ.

"వాళ్లు మన నోటికాడి బువ్వ గుంజుకున్నప్పుడు టైము చూసిన్రా అమ్మా?" అని, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తండ్రి కోసం తెలుగులో చదివింది. "ప్రొఫెసర్ రాజారావు, తోటల పథకం మంజూరు కావడం కోసం, పద్నాలుగు కుటుంబాల సాగుభూమిని కావాలని బంజరుగా చూపించారు. విన్నవా బాపు? రేపు ఇది సర్కారుకు పోతది. పంతొమ్మిదేండ్ల కింద వీరు రాసిన రెండు ముక్కలకు నాయి రెండు ముక్కలు. చెప్పండి సార్, ఎట్లుంది నా రిపోర్టు? మీరు నేర్పిన విద్యే."

ఆ క్షణం కోసం ఆమె ఎన్నేళ్లు ఎదురుచూసిందో! కడుపు నిండినట్టయింది. ఆయన మొహం ఎర్రబడాలి, అరవాలి, బతిమాలాలి. ఆయన ఎడంచేత్తో కాగితం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, నిదానంగా చదివాడు.

"బాగుంది. ఒక్క మాట తప్పుంది," అన్నాడు.

"ఏ మాట?"

ఆయన గౌరయ్య వైపు చూశాడు. గౌరయ్య ఎంగిలి చేతులు రెండూ జోడించి వద్దన్నట్టు తల ఊపాడు. రాజారావు కాగితం మడిచి ఇచ్చేశాడు. "ఏం లేదులే అమ్మా. ఇలాగే పంపు."

"అదేమిటండీ!" జానకీదేవి విస్తరి ముందు నుంచి లేచిపోయింది. "ముప్పై ఏళ్ల పరువు! ఆ పిల్ల ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, మొహాన కొడుతుంటే నోరు మూసుకుంటారా? ఆ బంజరన్న మాట ఎవరు చెప్పారో చెప్పండి! మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

"జానకీ!"

"వద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు గౌరయ్య.

భవిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎవరు చెప్పిన్రు? ఎవరు బాపు? నువ్వేనా?"

"ఆయన కాదు," అంది వజ్రమ్మ.

"నోరు ముయ్యే!" గౌరయ్య అరిచాడు. ఆ ఇంట్లో ఆయన అరవడం అదే మొదటిసారి.

"మూసుకున్న, ఇన్నేండ్లు మూసుకున్న. నువ్వు పడేది నేను సూడలేను ఇగ." వజ్రమ్మ కొంగుతో కళ్లొత్తుకుని కూతురి ఎదురుగా కూర్చుంది. "గా దినం గీ సారు, గీ భూమి సంగతేందని మీ బాపును అడిగిండు. 'ఈ ఏడు పడావున్నది సారూ' అన్నడు మీ బాపు. సారుకు సమజ్ కాలే. 'పడవా? చెరువు అంత దూరంలో ఉంటే ఇక్కడ పడవేమిటయ్యా?' అని నవ్విండు. నువ్వు నాలుగో తరగతి, బువ్వకు బడి కాడికెల్లి వచ్చి ఆడనే నిలబడ్డవు. 'పడవ కాదు సార్, పడావు. పడావంటే బంజరు భూమి, మా పుస్తకంల ఉన్నది' అని గడగడ సెప్పినవు. సారు శబాష్ అన్నడు. పడావంటే ఒక ఏడు దున్నకుండ ఇడిసిపెట్టుడు, బంజరు కాదని మీ బాపు చెప్పబోయిండు. 'నీకేం తెల్వదు బాపు, నేను సెప్తున్న గద' అన్నవు. బిడ్డ ఇంగ్లీషు దొర లెక్క మాట్లాడుతాందని మురుసుకుంట నిలబడ్డడు, పిచ్చి మనిషి."

భవితకి జీపు గుర్తుంది. ఆ సారు తల నిమరడం గుర్తుంది. మర్నాడు బడిలో అందరికీ గొప్పగా చెప్పుకోవడమూ గుర్తుంది. ఏం చెప్పినందుకు నిమిరాడో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ తనను తాను అడగలేదు.

"నేనే చేసిన్నా అమ్మా?"

"నువ్వు కాదు," అన్నాడు రాజారావు గట్టిగా. "నీకు తొమ్మిదేళ్లు. నాకు ముప్పై ఎనిమిది. నీ పక్కనే ఆ భూమి దున్నే మనిషి నిలబడి ఉంటే, రెండోసారి అడగలేదు. భాష రాకపోతే నేర్చుకోవాలి, పిల్లల్ని అడిగి వెళ్లిపోకూడదు. ఏడాది తర్వాత తెలిసింది. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. గట్టిగా చెబితే మళ్లీ ఏ కమిటీకీ పిలవరని భయపడ్డాను. తప్పు మాట అదేనమ్మా. కావాలని రాయలేదు. కావాలని ఊరుకున్నాను. దానికి నువ్వేం శిక్ష వేసినా సరే."

"మరి నాకెందుకు చెప్పలే సార్?"

"నీ థీసిస్‌కి మీ ఊరి పేరు రాసినప్పుడు పాత నోట్‌బుక్ తీశాను. అందులో నీ పేరుంది. నీకు చెబుదామని ముందు మీ నాన్నగారి దగ్గరికి వచ్చాను. నా చేతులు పట్టుకుని ఒట్టు వేయించుకున్నారు."

భవిత తండ్రి వైపు పాకినట్టుగా వచ్చి ఆయన మోకాళ్లు పట్టుకుంది. "నోరు లేదని ఎన్నిమార్లు అన్న బాపు! పండుగనాడు గూడ అన్న. ఎట్ల పడ్డవు? ఒక్కమాట, నువ్వే చెప్పినవు పో అని ఒక్కమాట అనకపోతివి!"

గౌరయ్య ఎంగిలి అంటకుండా మోచేత్తో ఆమె తల దగ్గరికి తీసుకున్నాడు.

"అంటే నువ్వు ఇగ నోరు తెరుస్తువా బిడ్డా? బడిల లేసి జవాబు చెప్తువా? గింత పెద్ద సదువు సదువుతువా? భూమి ఎట్లాగు పాయె. బిడ్డ నోరు గూడ పోవాల్నా?"

అంతే, భవిత భోరుమంది. వజ్రమ్మా ఏడ్చింది. ఇందాక మండిపడ్డ జానకీదేవి వచ్చి భవిత వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. విస్తళ్లలో కూర చల్లారిపోయింది.

కాసేపటికి భవిత లేచి మొహం కడుక్కుంది. కలం తీసి నలభై ఒకటో పేజీలో 'కావాలని' అన్న ఆ ఒక్కమాట కొట్టేసి, పైన రాసింది: తెలిసిన తర్వాత ఊరుకున్నారు. దాని కింద ఇంకో వాక్యం చేర్చింది: పడావన్న మాటకి తప్పు అర్థం చెప్పినది నేను. రాజారావు చదివి, ఆమె చేతిలోని కలమే తీసుకుని కింద సంతకం పెట్టాడు.

"ఢిల్లీకి నేనే ఫోన్ చేసి చెబుతాను. నా సంతకం చూస్తే ఆ పద్నాలుగు కుటుంబాల ఫైలు మళ్లీ తెరవక తప్పదు," అన్నాడు.

"ఇది చాలదు సార్," అంది భవిత. "మీరు రాసిన్రు, నేను రాసిన. బాపును ఎవలం అడగలే."

తెల్లకాగితాలు తెచ్చి తండ్రి కాళ్ల దగ్గర కింద కూర్చుంది. రాజారావు కూడా కుర్చీ వదిలి పక్కనే చాప మీద కూర్చున్నాడు.

"చెప్పు బాపు. గా భూమి సంగతేంది? నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్త."

గౌరయ్య చేతులు కడుక్కుని వచ్చి కండువాతో తుడుచుకున్నాడు. ఇద్దరు చదువుకున్నవాళ్లు తన మాట కోసం కలం పట్టుకుని కూర్చోవడం ఆయనకి సిగ్గనిపించింది. గొంతు సవరించుకున్నాడు.

"రెండేండ్లు పండిచ్చినంక... భూమి గూడ మనిషే గద సారు... గప్పుడు దాన్ని గట్ల..." అని ఒక మాట కోసం తడుముకుంటూ ఆగిపోయాడు.

ఆ మాట భవిత నాలుక చివరే ఉంది. పెదవి కొరుక్కుంది. కలం పట్టుకుని, ఆయన చెప్పేదాకా ఆగింది.