ఎడమ చేయి ఇరవై ఒక్క వరుసలు

"గొడుగు పుల్ల విరిగింది."

"వానే లేదు కదా?"

"వచ్చేది వడగళ్లు."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. పంజాగుట్ట రోడ్డు మీద 'గొడుగులు బాగుచేయబడును' అన్న ఆ బోర్డు కింద ఒక్క గొడుగూ ఎన్నడూ బాగుపడలేదు. అది గూఢచారి శాఖ పన్నెండో బ్రాంచి సీక్రెట్ ఆఫీసు.

1943 నవంబరు తొమ్మిది, మధ్యాహ్నం రెండు గంటలు. చీఫ్ ఖుద్దూస్ సాహెబ్ జేబు గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏజెంట్ నైన్టీన్, జర గౌర్‌గా విను. ఐదున్నరకు బేగంపేట ఏరోడ్రోమ్‌ల ఢిల్లీ ప్లేన్ దిగుతది. అండ్ల యుద్ధ శాఖ పెద్దమనిషి ఉన్నడు. శత్రువు గూఢచారుల రింగుకు ఆ సంగతి తెలిసిపోయిందని బొంబాయి నుంచి వైర్‌లెస్. నువ్వు పట్టుకొచ్చిన టీచరమ్మ కాగితమే వాళ్ల కోడ్‌బుక్ అంటివి. ఇరవై ఒక్క రోజులాయె. విప్పినవా?"

"లేదు సాబ్," అన్నాడు విజయరత్నం.

"అయితే ఇవ్వాళ విప్పు. లేకుంటే పెద్దమనిషి పోతడు, మన నౌకరీలు సుత పోతయి."

విజయరత్నానికి దిగులు పట్టుకుంది. అది విమానం గురించి కాదు. వెనక గదిలో బంధించిన మనిషి గురించి.

అమృతమ్మ అమీర్‌పేటలో ఆడపిల్లల బడి కుట్టు టీచరు. ఒకప్పుడు మిషన్ బోర్డింగులో చిన్న రత్నం చొక్కాకు గుండీలు కుట్టిన చేతులవి. నెల కింద లీలాకుమారి వచ్చి, "ఆ టీచరుగారి ఉత్తరాలు చూడండి, అల్లిక పేరుతో ఏవో అంకెలు," అని నవ్వుతూ చెప్పింది. బెజవాడ నాటకాల్లో హీరోయిన్, ఇప్పుడు బ్రాంచిలో స్టార్ ఏజెంట్. ఆవిడ నవ్వితే చీఫే కుర్చీ వేస్తాడు. రత్నం ఉత్తరం చించి చూశాడు. ఏం అర్థం కాలేదు. తనకు అర్థం కాలేదు కాబట్టి సైఫర్ అని రిపోర్టు రాశాడు. టీచరమ్మ సంచిలో ముప్పావు వంతు అల్లిన స్వెటర్ దొరికితే, ముడుల్లో మెసేజ్ ఉంటుందని రాత్రంతా కూర్చుని కుట్టు కుట్టూ విప్పేశాడు. మెసేజ్ లేదు. స్వెటరూ లేదు.

ఆ ముఖంతో ఆమె ముందుకు వెళ్లలేక ఐదింటిదాకా తటపటాయించి, చివరికి గడ్డం అంటించుకున్నాడు. రూమీ టోపీ, నల్ల కళ్లద్దాలు. విప్పిన ఉన్నిని తనే చుట్టిన ఉండ, కాగితాలు పట్టుకుని వెనక గదిలోకి నడిచాడు.

"నేను ట్రాన్స్‌లేటర్‌ని. ఈ కాగితం అర్థం చెప్పండి."

అమృతమ్మ ఉండను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. చుట్ల మీద బొటనవేలు ఆనించింది.

"సూది?"

మరిచాడు. తాళాలు తీసే గ్యాడ్జెట్ పెన్ను మూత తిప్పాడు. ఉక్కు కొక్కెం బయటికొచ్చింది. ఆమె దాంతోనే ఉన్నిని గొలుసు కుట్లుగా అల్లడం మొదలుపెట్టింది.

"చుక్క గుర్తు దగ్గర్నుంచి మళ్లీ ఐదుసార్లు, అంటే?" కాగితం చూసి అడిగాడు రత్నం.

"అక్కడికి వెనక్కి పోయి, అదే పని ఐదు మాట్ల చెయ్యి."

"మూడు గొలుసులు వేసి తిప్పు అన్నరు. లెక్కలో ఒక కుట్టు ఎక్కువొస్తుంది."

"ఎక్కువెట్లొస్తది? ఆ మూడు గొలుసులే కొత్త వరుసకు మొదటి కుట్టు. అల్లినోళ్లకు ఎరుకే. చదివెటోనికి తిక్క లేస్తది."

రత్నం కాగితం మీద వేలు పెట్టాడు. అసలు ప్రశ్న మిగిలింది. "కుడి చేయి ముప్పై ఎనిమిది వరుసలు. ఎడమ చేయి ఇరవై ఒకటి. ఎందుకు?"

ఆ అంకెల పుణ్యమా అని ముప్పై ఎనిమిదో మైలురాయి దగ్గర ఇరవై ఒక్కమంది పోలీసులు ఎనిమిది రోజులు కాపలా కాశారు.

"నా కొడుకు ఏసుబాబుకు ఎడమ చెయ్యి మోచేతి దాకే ఉన్నది. బర్మా ఫ్రంట్ల పోయింది. చలికాలం ఇంటికొస్తుండు."

గడ్డం కింద రత్నం ముఖం మండిపోయింది. తొందరగా రెండో కాగితం చాచాడు. "ఇది చూడండి. ఎంత సాఫ్‌గా ఉందో. మీరూ ఇట్ల రాస్తే అయిపోయేది కదా."

అది లీలాకుమారి బొంబాయి చెల్లెలికి స్వెటర్ అల్లిక చెబుతూ వేసిన ఉత్తరం నకలు. చక్కగా అర్థమవుతోందని సెన్సార్‌లో రత్నమే పాస్ చేశాడు.

అమృతమ్మ చదివి ఫక్కున నవ్వింది. "ఇది రాసినామె జన్మల సూది పట్టలే. వీపు ముక్క మొదటి వరుస తొమ్మిది కుట్లు. రెండోది పదిహేడు. మూడోది ముప్పై. పెంచమన్న మాటే లేదు. తొమ్మిది మీద పదిహేడు యాడ కూసుంటయి?"

తొమ్మిది. పదిహేడు. ముప్పై.

తొమ్మిదో తారీఖు, రైల్వే టైములో పదిహేడు గంటల ముప్పై నిమిషాలు, అంటే సాయంత్రం ఐదున్నర. ఆ టైమ్ తెలిసింది చీఫ్‌కు, తనకు, పూలబుట్టతో స్వాగతం చెప్పడానికి వెళ్లిన లీలాకుమారికి. అంతే.

గోడ గడియారం ఐదుంపావు చూపిస్తోంది. రత్నం గుమ్మం దాకా ఉరికి ఆగిపోయాడు.

"టీచరమ్మా... మిమ్మల్ని పట్టిచ్చింది..."

"నువ్వే, రత్నం. ఆ ఉండను చూస్తనే ఎరుకైంది. బొటనవేలి మీద అడ్డంగ తిప్పి చుట్టుడు మా బోర్డింగు పిల్లలకు నేనే నేర్పిన. ముందు పో, బిడ్డా."

పెట్రోలు రేషను. సైకిలే దిక్కు. అమీర్‌పేట మీదుగా తొక్కుతుంటే గాలికి గడ్డం సగం ఊడిపోయింది. ఏరోడ్రోమ్ చేరేసరికి ఐదు ఇరవై ఏడు. విమానం ఆకాశంలో తిరుగుతోంది. నీలం జార్జెట్ చీరలో లీలాకుమారి గులాబీల బుట్ట పట్టుకుని వరుసలో అందరికంటే ముందుంది.

"ఏంటండీ రత్నం గారూ, సగం గడ్డంతో వచ్చారు?"

"బుట్ట ఇటివ్వండి."

"పూలేనండీ."

లాక్కున్నాడు. పూలకు అంత బరువుండదు. పక్కనే రాళ్లు కొట్టిన లోతు గుంత. బలమంతా కూడదీసి విసిరాడు. బాంబు పేలి నేల అదిరింది. గులాబీ రేకులు జనం నెత్తిన రాలాయి. ఆకాశంలోని విమానం ఇంకో చుట్టు తిరిగింది.

బేడీలు పడుతుంటే లీలాకుమారి అడిగింది, "అంత చక్కగా రాశాను కదండీ. తప్పెక్కడ?"

"చక్కగా రాసుడే తప్పు, మేడమ్."

ఆ సాయంత్రమే అమృతమ్మను వదిలిపెట్టారు. చీఫ్ కారు తెప్పించి, మాఫీ అడిగాడు. ఆమె రెండింటికీ తల అడ్డంగా ఊపి, ఉన్ని ఉండను రత్నం చేతిలో పెట్టింది.

"విప్పినోడే అల్లాలె."

వారం తర్వాత చీఫ్ అర్జంటు చీటీ పంపాడు: 'కొత్త మిషన్. ఎక్కడున్నవ్?' జవాబు అమీర్‌పేట నుంచి వచ్చింది: 'ఎడమ చేయి, పంతొమ్మిదో వరుస. నిన్న ఇరవై దాకా పోయిన. టీచరమ్మ రెండు విప్పించింది.'

చీఫ్ దాన్ని రెండుసార్లు చదివి, అలవాటు కొద్దీ సైఫర్ సెక్షన్‌కు పంపించాడు.