వాయిదా నాటి గుండెనొప్పి

ఇస్త్రీ చీర కట్టుకుని, సంచీ భుజాన తగిలించుకుని కోర్టుకు బయలుదేరిన దర్జీ అక్క గడప దాటకముందే వెనక నుంచి కేక వినిపించింది. తల్లి గుండె పట్టుకుని మంచం మీద వాలిపోయింది.

దర్జీ పని చేసే ఆవిడ వీధి మొత్తానికి అక్కే. అక్క అన్న సంగతి మరిచినవాడు సొంత తమ్ముడొక్కడే. కుట్టు దుకాణంలో సగం తన పేర రాయలేదన్న కసితో, కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళ ముందు నిలబడి, "మా అక్క మీ గుడ్డలు కొట్టేస్తుంది, చూసుకోండి!" అని అరిచాడు. రోజూ కత్తెర పట్టే మనిషికి కూడా అంత లోతుగా కోత పడడం అదే మొదలు. బేరాలు తెగిపోయాయి. పరువు తీశాడని ఆవిడ కోర్టుకెక్కింది. వకీలు అప్పటికే వాయిదా మీద వాయిదా అడిగాడు. ఈసారి ఫిర్యాదు చేసిన మనిషి రాకపోతే ఊరుకునేది లేదని జడ్జి ముందే చెప్పాడు.

అయినా అమ్మ కదా! తల్లిని ఆటో ఎక్కించి ఆస్పత్రికి పరుగెత్తింది. వకీలుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

మందులు కొనుక్కుని గదిలోకి వచ్చేసరికి తల్లి మంచం మీద నిటారుగా కూర్చుని, జాకెట్టుకు ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే సూది తీసి, డాక్టరమ్మ తెల్లకోటుకు బొత్తాం కుడుతోంది.

"ఊడిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయానే," అంది దారం పళ్ళతో కొరుకుతూ.

"అమ్మగారి గుండెకేం ఢోకా లేదు," డాక్టరమ్మ నవ్వింది. "కళ్ళు మరీ భేషు. దారం ఒక్కసారికే ఎక్కించేశారు."

అంతలో వకీలు ఫోను. "ఎక్కడున్నారమ్మా? పేరు పిలిస్తే మీరు లేరు. కేసు కొట్టేశారు. మీ తమ్ముణ్ణి వదిలేశారు."

ఇల్లు చేరేదాకా పళ్ళ బిగువున ఆపుకున్న కోపం, తలుపు మూయగానే కట్టలు తెంచుకుంది.

"గుడ్డలు నేను కొట్టేశానన్నాడు నీ కొడుకు. నువ్వేమో నా కేసే కొట్టేయించావు! నాకు కుట్టు నేర్పిన చేత్తోనే కుట్ర కూడా చేశావా అమ్మా?"

"జైల్లో వేస్తారేమోనని భయపడ్డానే..."

"వాడి జైలెవరిక్కావాలి? నలుగురిలో అన్న మాట నలుగురిలో వెనక్కి తీసుకోమన్నాను, అంతే! ఎవరి కోటుకో బొత్తాం ఊడితే నీ ప్రాణం ఆగలేదు. నా పేరు చిరిగి పేలికలైతే నీ కంటికి ఆనలేదు!"

తల్లి నోరు తెరిచేలోపే వీధిలో తమ్ముడి గొంతు మోగింది. "విన్నారా అందరూ? కోర్టే తేల్చేసింది! నేనన్నది నిజమే!"

ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. బట్టలిచ్చిపోదామని వచ్చిన ఒకావిడ, మూట చంకలో పెట్టుకుని గబగబా వెనక్కి తిరిగింది. ఆ వీపును చూసిన తల్లి మొహంలో రక్తం ఇంకిపోయింది. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వచ్చింది.

"కోర్టేం తేల్చలేదురా! నేను తేల్చనివ్వలేదు. లేని నొప్పి తెచ్చుకుని దీన్ని కోర్టుకు పోకుండా ఆపాను, నీ కోసం! దొంగతనం చేసింది నేను. దీని న్యాయం దొంగిలించాను!"

అందరికేసి ఊపుతున్న తమ్ముడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మూట చంకనపెట్టుకున్నావిడా ఆగింది.

దర్జీ అక్క వకీలుకు ఫోన్ చేసింది. పైకోర్టుకు వెళ్ళొచ్చునట. ఎందుకు రాలేకపోయిందో నమ్మించాలట. వింటారన్న హామీ మాత్రం లేదట.

"నా అబద్ధం సంగతి నేనే చెప్తానని చెప్పు," అంది తల్లి.

కూతురి కోపం ఇంకా చల్లారలేదు. అయినా గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది.

"రేపు పొద్దున్నే వకీలు దగ్గరికి. మళ్ళీ గుండెనొప్పి రాకూడదు."

తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నిజంగా వచ్చినా వస్తానే."