సూది తాకని చేప

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! మైపాడు తీరాన పట్టపగలే చీకట్లు కమ్ముకున్నాయి. కారుమబ్బుల నడుమ ఉరుము భీకరంగా గర్జించింది... సరుగుడు తోపులో దారి తప్పిన గుడ్లగూబ ఒకటి ఆగకుండా కూసింది.

తోపు మధ్య పాక. రక్తవర్ణపు ముగ్గులో కపాలం. దాని ముందు కూర్చుని ఉంది వెన్నెల! జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి, తనది కాని గొంతుతో వికృతంగా నవ్వుతోంది. మూడు నెలలుగా ఆమెకు ఇదే అవస్థ.

ఆమె భర్త చంద్రమౌళి, ఏనాడో ఎండిపోయిన మహాసరస్సు పొరలు తవ్వి, రాళ్లలో చిక్కి రాయైపోయిన చేపల్ని ఏరి, సూదితో గీకి శుభ్రం చేసి అమ్ముకునేవాడు. "సూదితో గీకి శుభ్రం చెయ్యని రాయి ఒకటి తే. నీ పెండ్లాం బాగుపడతాది" అన్నాడు మాంత్రికుడు పద్మనాభయ్య. మునిగేవాడికి గడ్డిపోచే ఆసరా! చంద్రమౌళి తెచ్చి, పాకలో అతని ముందు పెట్టాడు. మట్టి గట్టిపడిన ఆ పలకలో వేలెడు చేప తోక మాత్రమే బయటికి కనిపిస్తోంది.

"పిచ్చోడా!" పద్మనాభయ్య వికటాట్టహాసం చేశాడు. "నీ పెండ్లాం మీదికి దయ్యాన్ని తోలింది నేనే! యుగాలు గడిచినా కుళ్లని ఈ చేపలో నా ప్రాణం దాచుకుంటా. దానికి ఆమె ఊపిరి కావాల. రాయి పగలగొట్టినావా... ఆమె కూడా పోతాది!"

హ్రీంకారం... మెరుపు! మాంత్రికుడి దేహం కట్టెలా వాలిపోయింది. రాతిలో తోక కదిలింది! వెన్నెల గొంతు పట్టుకుని గిలగిలా కొట్టుకుంది.

"సామీ, నా ప్రాణం తీసుకో! నా వెన్నెలని వదిలెయ్!" చంద్రమౌళి గుండెలు బాదుకున్నాడు. ఎవరు వింటారు? చేజేతులా తెచ్చుకున్న చావు! సుత్తి ఎత్తితే ఆమె పోతుంది. ఊరుకున్నా పోతుంది. అతనికి తెలిసిన విద్య ఒక్కటే. రాయి పగలకుండా ఆ చేపను ఊడదీయాలి... మొలలోంచి సూది తీశాడు. పొర తరువాత పొర గీకాడు. గోళ్లు చిట్లి నెత్తురు కారింది. వెన్నెల పెదాలు నల్లబడ్డాయి.

ఇంకో పెచ్చు రాలింది... పళ్లు! చిన్న చేప చుట్టూ వరసగా పదునైన పళ్లు! దాన్ని మింగబోతూ రాయైపోయిన మహామత్స్యం నోరది! శుభ్రం చెయ్యని రాయిలో ఏముందో తెచ్చినవాడికే తెలియదు, అడిగినవాడికేం తెలుసు?

యుగాల ఆకలి మేలుకుంది. దవడలు ఫెళ్లున మూసుకున్నాయి! రాయి పగల్లేదు, చిన్న చేపే రెండుగా తెగింది.

"ఆఁ... కాపాడరా!" పద్మనాభయ్య దేహం ఒక్కసారి ఎగిరిపడి, నడుము దగ్గర రెండుగా తెగింది. అతనితోనే మంత్రమూ తెగింది.

వెన్నెల గట్టిగా ఊపిరి పీల్చింది. మూడు నెలలకు తన సొంత గొంతుతో అడిగింది.

"ఏమయ్యా... ఈ పాడు రాయి ఎవురు తెచ్చినారు?"

"నేనే తెచ్చినాను వెన్నెలా... నేనే!" చంద్రమౌళి ఆమె పాదాల మీద పడి బావురుమన్నాడు.