నాలుగింటికి ప్లగ్ పీకుతారు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. బ్రీఫింగ్ రూమ్ తలుపు గడియపడింది. చీఫ్ టేప్‌రికార్డర్ బటన్ నొక్కాడు.

విదేశీ ముఠా నాయకుడి గొంతు ఇంగ్లీషులో పలికింది. "కోల్డ్ ఫీట్. పుల్ ద ప్లగ్ ఎట్ ఫోర్."

అంతే. టేపు ఆగింది.

"డిక్షనరీ, చెప్పు."

భాషా విభాగం అధికారికి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. అతను కళ్ళజోడు సర్దుకుని లేచాడు. "సింపుల్ సార్. కోల్డ్ ఫీట్ అంటే చల్లటి పాదాలు కాదు, ఆఖరి క్షణంలో గుండె జారడం. పుల్ ద ప్లగ్ అంటే మొదలుపెట్టిన పని మధ్యలో ఆపేయడం. వాళ్ళు భయపడ్డారు. నాలుగింటికి ఆపరేషన్ రద్దు."

"నిజమే, అందరూ హడలిపోయి ఉన్నారు" అంది నెమలి. టేపు తెచ్చింది ఆవిడే. ముఠాలో ఉంటూ వీళ్ళకి పనిచేసే డబుల్ ఏజెంట్. నీలి సిల్కు దుస్తులు, చెవులకు పచ్చరాళ్ళు. "ఇంత చక్కగా విప్పిచెప్పే మనిషిని నేనెక్కడా చూడలేదు" అని డిక్షనరీ వైపు చూసి నవ్వింది.

బల్ల చివర కూర్చున్న ఫీల్డ్ ఏజెంట్ స్పానర్‌కి ఒళ్ళు మండింది.

ఆ మంట ఇవాళ్టిది కాదు. ఇద్దరూ తోడల్లుళ్ళు. పెద్దల్లుడు డిక్షనరీ వస్తే మామగారు తన కుర్చీ ఖాళీ చేసి ఇస్తాడు. చిన్నల్లుడు స్పానర్ వస్తే, "వచ్చావా? పంపు కారుతోంది, కాస్త చూడు" అంటాడు. రెంచి పట్టి మెకానిక్‌గా బతుకు మొదలుపెట్టినవాడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. నిరుడు ఒక సందేశంలో 'స్పిల్ ద బీన్స్' అని వస్తే, రహస్యం కక్కేయడమని తెలియక రెండు రోజులు గోడౌన్‌లో చిక్కుడు గింజల బస్తాలు విప్పించాడు. ఆ కథ ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు.

"అయితే సైంటిస్టు లాంచీకి కాపలా అక్కర్లేదు" అన్నాడు చీఫ్.

ఉప్పునీటిని తాగునీరుగా మార్చే యంత్రం కనిపెట్టిన పెద్దావిడ ఆ సైంటిస్టు. ముఠా గురిపెట్టిన ఒకే ఒక్క నమూనాతో ఆవిడ మూడున్నరకి లాంచీలో సరస్సు దాటి అవతలి ప్రయోగశాలకి వెళ్తుంది. దుబాసీగా నెమలి వెంట ఉంటుంది.

స్పానర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, పని మానుకోవడానికి ముహూర్తం దేనికి? నాలుగింటికే ఎందుకు మానుకోవాలి?"

"తమ్ముడూ, మళ్ళీ చిక్కుడు గింజలేనా?" అన్నాడు డిక్షనరీ.

గది గొల్లుమంది. అందరికన్నా ఎక్కువగా నెమలి నవ్వింది. స్పానర్ సగంరోజు సెలవు చీటీ రాసిచ్చి బయటపడ్డాడు. అతని మనసులో ఉన్నది దేశం కాదు, సైంటిస్టూ కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ కళ్ళజోడు మనిషి తప్పని తేలాలి.

మూడున్నరకి లాంచీ కదిలింది. ఇంజన్ గదిలో గుబురు గడ్డం పెట్టుకున్న కొత్త మెకానిక్ ఉన్నాడు. చెవిలో బఠాణీ గింజంత రేడియో.

లాంచీ అడుగున, చేరిన నీటిని ఒడ్డున బయటికి వదిలేందుకు చిన్న రంధ్రం ఉంటుంది. దానికి ఇత్తడి బిరడా. మెకానిక్కులందరూ దాన్ని ప్లగ్ అనే అంటారు. స్పానర్ ఇంజన్ వెనక నక్కి దానిమీదే చూపు నిలిపాడు.

నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలు. నిచ్చెన మీద తెల్లటి పాదాలు కనిపించాయి. నెమలి! చెప్పులు చేత పట్టుకుని దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని బిరడా తిప్పడం మొదలుపెట్టింది.

అరిస్తే ఆగిపోతుంది. తన చేతిలో పిస్తోలు ఉంది. కానీ స్పానర్ అరవలేదు. 'పీకనీ. నీళ్ళు రానీ. అప్పుడు అందరూ చూస్తారు, ఆ మహాపండితుడి అర్థమేమిటో!'

అరనిమిషం గడిచింది.

బిరడా ఊడింది. నీళ్ళు చిమ్మాయి. నెమలి బిరడాను కిటికీలోంచి సరస్సులోకి విసిరేసింది. స్పానర్ ఉలిక్కిపడి ముందుకు దూకేసరికి హ్యాండ్‌బ్యాగ్ తాడు లాగింది. అది బుస్సున ఉబ్బి గాలితిత్తి అయింది. దాంతో పైకెక్కి నీళ్ళలోకి దూకేసింది.

చల్లటి నీరు పాదాలు ముంచి చీలమండలు దాటింది. పైన ముసలావిడ దగ్గు వినిపించింది. స్పానర్ రేడియో నొక్కాడు.

"అన్నయ్యా! గస్తీ బోటు పంపించు!"

"ఏం పుట్టి మునిగిందని అంత కంగారు?"

"నిజంగానే మునుగుతోంది అన్నయ్యా! నెమలి ప్లగ్ పీకేసింది!"

అవతల డిక్షనరీ గొంతు మారింది. "రెండు నిమిషాల్లో బోటు అక్కడుంటుంది. నువ్వు రంధ్రం చూడు. అది నీకే చేతనవును."

స్పానర్ పెట్టుడు గడ్డం చర్రున పీకి సుత్తి పిడికి చుట్టాడు. దాన్ని రంధ్రంలో దూర్చి, చేతికందిన రెంచితో కొట్టాడు. జారింది. మళ్ళీ కొట్టాడు. నీరు బ్యాటరీకి బెత్తెడు దూరంలో ఉంది. మూడో దెబ్బకి పిడి బిగుసుకుంది. ధార ఆగింది.

గస్తీ బోటు ముందు నెమలిని, తర్వాత సైంటిస్టును ఎక్కించుకుంది. నమూనాకి తడి కూడా తగల్లేదు.

ఒడ్డున డిక్షనరీ ఎదురొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "తప్పు నాది తమ్ముడూ. ఆవిడ పొగిడింది, నేను ఉబ్బిపోయాను." కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు, "మామగారు నిన్ను పంపు చూడమన్నప్పుడల్లా నాకు కడుపు మండేది. పదేళ్ళయినా నన్నింకా చుట్టంలాగే కుర్చీలో కూర్చోబెడతాడు."



సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "శభాష్! అంతా బాగుంది. ఆవిడ బిరడా తిప్పుతుంటే అప్పుడే ఎందుకు పట్టుకోలేదు?"

"ఇంగ్లీషు కదా సార్, అర్థం చేసుకునేసరికి కాస్త ఆలస్యమైంది."

చీఫ్ పెద్దగా నవ్వాడు. స్పానర్ బుద్ధిగా రిపోర్టు రాసిచ్చాడు. ఆ అరనిమిషం సంగతి మాత్రం అందులో ఏ భాషలోనూ లేదు.