కడగకూడని పీపా

గురువారం సంత నుంచి ఎర్సీలియా ఇంటికి వచ్చేసరికి పెరట్లో కోళ్ళు తూలుతున్నాయి. ఒక పెట్ట గోడకు ఆనుకుని నిలబడింది. పుంజు నాలుగడుగులు వేసి, ఎటు వెళ్ళాలో మరిచిపోయినట్టు ఆగిపోయింది.

ఎర్సీలియాకు డెబ్బై రెండేళ్ళు. మాంటెపుల్చానో ఊరి కొండవాలులో తోట పెట్టుకుని, తన వైన్ తనే అమ్ముకునే మనిషి. వచ్చినవాడు గ్లాసు పట్టుకున్న తీరు చూసి వాడు కొనేవాడో, ఊరికే రుచి చూసి పోయేవాడో చెప్పేస్తుంది. ఆ కళ్ళతోనే పెరటి కాలవ వైపు చూసింది. కాలవ పొడుగునా చిక్కటి గోధుమరంగు బురద. వంగి, వేలితో తీసి వాసన చూసింది. ఎండు అంజూరపు వాసన.

చేతిలోని బుట్ట కింద పడింది.

మెట్లెక్కి అటక మీదకు వెళ్ళేసరికి కోడలు నొయెమీ చేతులు పైకి మడుచుకుని నవ్వుతూ ఎదురొచ్చింది. ఆమె వెనక నాలుగు చిన్న పీపాలు బోర్లించి ఉన్నాయి. వేడినీళ్ళ ఆవిరి ఇంకా పోలేదు.

"వచ్చారా అత్తయ్యా! మీ నడుంనొప్పి చూడలేక నేనే కానిచ్చేశాను. ఎంత మడ్డి! వేలెడు మందాన పేరుకుపోయింది. చెక్కతో గీకితే గానీ రాలేదు."

"నాలుగూనా?"

"నాలుగూ. అద్దంలా చేశాను."

ఎర్సీలియా అక్కడే ఉన్న పెట్టె మీద కూలబడింది.

ఆ అటక మీద దూలాలకు ట్రెబ్బియానో, మాల్వాజియా రకాల తెల్ల ద్రాక్ష గుత్తులు మూడు నెలలుగా వేలాడుతున్నాయి. ఎండి ముడతలు పడ్డాక పిండి, ఆ రసాన్ని చిన్న పీపాల్లో పోసి, మైనంతో మూసి ఏళ్ళ తరబడి వదిలేస్తారు. అదే విన్ సాంటో అనే తీపి వైన్. మళ్ళీ తెరిచిన రోజు వైన్ మాత్రమే తోడుకుంటారు. అడుగున ఉన్న మడ్డిని కదిలించరు. పాలకు తోడు ఎలాగో కొత్త రసానికి ఆ మడ్డి అలాగ. ఎర్సీలియా బుధవారం వైన్ తోడింది. ఆదివారం కొత్త రసం పోయాలి. అందులో ఒక పీపా నాలుగు నెలల మనవరాలు జినేవ్రా పేరు మీద మూసేది. దాని పెళ్ళినాడు తెరిచేది.

నొయెమీది ఉత్తరాన ప్రొసెక్కో అనే నురగ వైన్ చేసే కొండలు. అక్కడ ఉక్కు తొట్లను కిర్రుమనేదాకా కడుగుతారు. కడగని పాత్ర అంటే ఆ ఇళ్ళలో తలవంపు.

"అది మా అమ్మ ఇచ్చిందే," అంది ఎర్సీలియా. "మా అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. దాన్ని తీసుకెళ్ళి కోళ్ళకు పోశావా?"

నొయెమీ ముఖం పాలిపోయింది. "నాకు తెలీదు అత్తయ్యా…"

"తెలీనిదానివి ఎందుకు ముట్టుకున్నావ్? నిన్నెవరు కడగమన్నారు?"

"ఎవరూ అనలేదు. కడగొద్దని మీరూ అనలేదుగా! ఈ ఇంటికొచ్చి రెండేళ్ళయింది. ఒక్కసారి ఈ అటక ఎక్కనిచ్చారా? నేర్పమంటే 'తర్వాత చూద్దాంలే' అన్నారు. సాయం చేద్దామనుకోవడమే నా తప్పా?"

కింద పాప ఏడుపు వినబడి నొయెమీ కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయింది.

భోజనాల దగ్గర కొడుకు దూచో సర్దిచెప్పబోయాడు. "దుకాణంలో ఈస్టు పొట్లాలు దొరుకుతాయి కదమ్మా. ఇప్పుడు అందరూ అదే వేస్తున్నారు."

"రేపు నేను పోతే ఇంకో అమ్మను కూడా అక్కడే కొనుక్కో."

దూచో సూపు గిన్నె మీదకు తల వంచేశాడు. అలాగే గొణిగాడు. "పిన్ని దగ్గర ఆ మడ్డి ఉంటుంది."

ఎర్సీలియా స్పూను కింద పెట్టేసింది. లోయ అవతల ఉండే చెల్లెలు ఆర్జియాతో ఎర్సీలియా మాట్లాడి పందొమ్మిదేళ్ళయింది. పంపకాల్లో తన వాటాకు వచ్చిన మాల్వాజియా వరసల్ని ఆర్జియా పెకలించి, ఆ చోట ఎర్ర ద్రాక్ష సాంజోవేజే నాటింది. "అమ్మ నాటిన తీగల్ని పీకి పారేసింది, రేపు అమ్మ సమాధినీ అమ్ముకుంటుంది" అని ఎర్సీలియా చర్చి మెట్ల మీద పదిమందిలో అనేసింది. సంతలో ముందు ధర చెప్పినవాడికే నష్టం. అప్పటినుంచీ అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ సూత్రమే పట్టుకుని కూర్చున్నారు.

శుక్రవారం పొద్దున నొయెమీ ఎవరికీ చెప్పకుండా పాపను ఎత్తుకుని లోయ దాటింది. మధ్యాహ్నానికి ఖాళీ సీసాతో తిరిగి వచ్చింది.

"ఇవ్వనందా?" అంది ఎర్సీలియా, వెనక్కి తిరగకుండానే.

"పాపను ముద్దాడారు. బిస్కత్తులు పెట్టారు. 'నీ తప్పుకు నువ్వు వచ్చావు, మంచిదానివి. మీ అత్త తప్పుకు మీ అత్తను రమ్మను' అన్నారు."

ఎర్సీలియా అటకెక్కి గుత్తుల్ని ఒక్కొక్కటే తడిమి చూసింది. పొగమంచు దిగి గాలి తేమగా ఉంది. మూడు గుత్తుల తొడిమల దగ్గర తెల్లటి బూజు మొదలైంది. ఇక ఆగే వీల్లేదు. చెడే సరుకు ముందు పట్టుదల ఎన్నాళ్ళు నిలుస్తుంది? శనివారం పొద్దున్నే చలికోటు తొడుక్కుని, "ఆ సీసా తీసుకురా. నువ్వూ రా," అంది కోడలితో.

ఆర్జియా గుమ్మంలోనే నిలబడింది. అక్క కంటే పొట్టి, అక్క కంటే మొండి.

"దారి గుర్తుందే నీకు!"

"మోకాళ్ళకే గుర్తులేదు. లోపలికి రమ్మంటావా, ఇక్కడే బేరమాడమంటావా?"

ఆర్జియా పక్కకు జరిగింది. ముగ్గురూ ఆమె అటక మీదకు ఎక్కారు. పీపాలు కనబడగానే ఎర్సీలియా ఒకదాని మీద చెయ్యి వేసింది. "నీ పెళ్ళికి అమ్మ పోరితే గానీ ఈ మడ్డిని నీకివ్వలేదు నేను. ఎందుకివ్వాలని ఏడ్చాను కూడా."

"తెలుసు. సీసా సగమే నింపావు."

"ఆ మాల్వాజియా ఎందుకు పీకావే?"

ఆర్జియా అక్క వైపు వింతగా చూసింది. "పందొమ్మిదేళ్ళకు అడిగావు. తెగులొచ్చింది అక్కా. ఆకులు పులిచారల్లా ఎండి, కొమ్మ నరికితే లోపలంతా నలుపు. ఉంచితే తోటంతా పోయేది. పీకిన రోజు అన్నం తినలేదు నేను. నువ్వు గుంటలు చూసి తిట్టి వెళ్ళావు."

"నాకు చెప్పొచ్చుగా."

"నువ్వు అడగొచ్చుగా."

ఎర్సీలియా కోడలి వైపు తిరిగింది. నొయెమీ ఖాళీ సీసాను గుండెకు హత్తుకుని నేల చూస్తోంది. ఒక్కమాట అడగక చెల్లెలు దూరమైంది. ఒక్కమాట చెప్పక అమ్మ ఇచ్చింది పోయింది. రెండు పద్దులూ తనవే. ఎర్సీలియా కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు.

"చర్చి మెట్ల మీద అన్నమాట తప్పు. చాలా తప్పు, ఆర్జియా."

ఆర్జియా నొయెమీ వైపు చెయ్యి చాచింది. సీసా అందుకుని, ఆ వారమే వైన్ తోడిన పీపా అడుగు నుంచి గరిటెతో మడ్డి తీసి నింపింది. సగం కాదు, అంచుదాకా.

"ఊరికే కాదు," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఫిబ్రవరిలో కత్తిరింపులప్పుడు నీ తోటలో మాల్వాజియా కొమ్మలు నాకు కావాలి. అంటు కట్టుకుంటాను. అది కలవక నా విన్ సాంటో గొంతులో గీసుకుంటోంది."

"నీ నోటిలాగే," అంది ఎర్సీలియా. ఇద్దరూ నవ్వారు. ఆర్జియా నవ్వుతూనే అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

ఆదివారం రసం పిండారు. ప్రతి పీపాలో మొదట మడ్డి పోసింది నొయెమీ. ఎంత పోయాలో, ఎందుకు కదిలించకూడదో, పైన ఎంత ఖాళీ వదలాలో ఎర్సీలియా పక్కన నిలబడి ఒక్కొక్కటే చెప్పింది. చెప్పిందే రెండుసార్లు చెప్పింది. జినేవ్రా పీపా మీద మైనం పోశాక, సీసా అడుగున మిగిలిన కొంచెం మడ్డిని చిన్న గాజు బుడ్డిలోకి వంచి బిరడా బిగించింది.

"ఇది మీ అమ్మకు పంపించు."

"మా అమ్మకా? ఇలాంటిది మా ఊళ్ళో ఎవరూ చెయ్యరు అత్తయ్యా!"

"చెయ్యకపోతే దాచమను. నా దగ్గర దాచుకున్నదంతా పోయిందే అమ్మాయ్. అప్పుడు ఏడుస్తూ ఇచ్చిన సగం సీసాయే ఇవాళ మనల్ని కాపాడింది."

నొయెమీ బుడ్డిని వెలుతురుకు పట్టి చూసింది. "మా అమ్మ సంగతి మీకు తెలీదు. చూడగానే కడిగేస్తుంది."

"అయితే కడగొద్దని చెప్పు," అంది ఎర్సీలియా, కోడలి ముంగురులకు అంటిన మైనం తీస్తూ. "నాలా కాకుండా, నోరు తెరిచి చెప్పు."