వెనక్కి వెళ్ళి దిద్దే బాణం

గువ్వా గువ్వా ఎటు పోతావే
గూట్లో దీపం పెట్టే ఉంది
... ... ...
తిరిగొచ్చేసరికి తెల్లారుతుంది

మూడో ముక్క అమ్మమ్మకి ఎప్పుడూ గుర్తు రాదు. చిన్నప్పుడు చెల్లెళ్ళకి జడలు వేస్తూ పాడిన పాట అది. అరవై ఏళ్ళ కింద జారిపోయిన ముక్క ఇప్పుడు వెతికితే మాత్రం దొరుకుతుందా? ఆ శనివారం కూడా అక్కడికొచ్చి ఆగి, ఊఁ ఊఁ అని పూరించుకుని, కొత్త పెన్సిలు చెక్కుతూ కూర్చుంది. జానెడు పెన్సిలు. పొట్టు ఒళ్ళో రాలుతోంది. గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

బయట మిట్టమధ్యాహ్నం. గదిలో మాత్రం చీకటి. కంప్యూటరు తెర మీద వెలుగు పడకూడదని మనవరాలు కిటికీకి నల్ల కాగితం అంటించేసింది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. కంప్యూటరు లోపలి చిన్న ఫ్యాను గురక పెట్టే పిల్లిలా ఒకటే మోత.

మనవరాలి ముద్దుపేరు గువ్వ. పాట వింటే తప్ప నిద్రపోయేది కాదని పెట్టిన పేరు. ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలైంది. ఒక దేశం డబ్బు ఇంకో దేశం డబ్బుతో పోలిస్తే పెరుగుతుందా తగ్గుతుందా అని తెర మీద చూస్తూ కొనడం, అమ్మడం. అదీ దాని పని. ఈ మధ్య గది దాటడమే లేదు. అన్నం ఆ కుర్చీలోనే, కునుకూ ఆ కుర్చీలోనే.

నర్సు పని చేసే కూతురు పొద్దున డ్యూటీకి వెళ్తూ గడపలో ఆగింది. "అమ్మా, నా మాట వినదు. నీ మాట వింటుంది. ఇవాళ ఎలాగైనా ఆ గదిలోంచి కాసేపు బయటికి తీసుకురా. పిల్ల ముఖంలో రక్తం లేదే!" అంది.

"తీసుకొస్తాలే" అంది అమ్మమ్మ.

ఆవిడకి అక్షరాలు నేర్పింది గువ్వే, ఆ కుర్చీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి. తెర మీద పొడుగూ పొట్టీ కడ్డీలు వరసగా నిలబడి ఉంటాయి. వాటిని క్యాండిల్స్ అంటారంటే, "కొవ్వొత్తులా? మరి గదంతా చీకటేమిటే?" అని అమ్మమ్మ నవ్వింది. ఆ కొవ్వొత్తుల మీద గువ్వ సొంతంగా, ధర ఎటు పోతుందో ముందే చెప్పే ప్రోగ్రాము, ఒక ఇండికేటర్ రాసుకుంది. "అందరూ వాడేవి రెడీమేడ్ చొక్కాలు అమ్మమ్మా. ఇది కొలతలిచ్చి కుట్టించుకున్నది." ధర పెరగబోతుంటే నీలం బాణం, పడబోతుంటే ఎర్ర బాణం వేస్తుంది. బాణం పడగానే టైము, రంగు పుస్తకంలో రాయడం అమ్మమ్మ పని. ఆవిడ మొదట నేర్చిన అక్షరం 'నీ'. రెండోది 'ఎ'. అరవై ఎనిమిదో ఏట.

కానీ ఒక సంగతి నాలుగు రోజులుగా ఆవిడ గుండెల్లో ముల్లులా ఉంది. ఇవాళ అడగాలి.

"గువ్వా, గురువారం పదింటికి ఏ రంగు బాణం పడిందే?"

గువ్వ తెర మీద కొవ్వొత్తుల్ని గురువారం దాకా వెనక్కి జరిపింది. "నీలం. ధర కూడా పెరిగింది. చూశావా, ఒక్కటీ తప్పు లేదు. సోమవారం నుంచి ఈ బాణాల్ని నమ్మి అసలు డబ్బే పెడతాను."

"నా పుస్తకంలో ఎరుపని ఉంది."

"నీ 'నీ'కి దీర్ఘం ఊడిపోయి ఎరుపైపోయిందేమో."

"వెక్కిరించకు. మంగళవారం చూడు. బుధవారం చూడు."

గువ్వ పుస్తకం తీసుకుంది. తెర చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది. నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"నేను ఒక లైను రాశాను అమ్మమ్మా... బాణం తప్పయితే వెనక్కి వెళ్ళి దిద్దుకోమని. పాత లెక్కలు నీట్‌గా కనిపించాలని సరదాకి రాశాను. తీసేశాననుకున్నాను."

"అంటే పరీక్ష అయిపోయాక జవాబులు దిద్దుకున్నట్టా?"

"అంతే."

"అలా అయితే ఎవరికైనా నూటికి నూరే. తీసెయ్యి తల్లీ. లే, బయట గాలి పీల్చుకుందువుగాని."

గువ్వ ఆ లైను చెరిపేసింది. లేవబోయి ఆగిపోయింది. తెర మీద చివరి కొవ్వొత్తి కదిలింది. పైకి. కిందికి. మళ్ళీ పైకి.

"ఇవాళ శనివారం" అంది నెమ్మదిగా. "మార్కెట్ మూసేసి ఉంటుంది. ఇది కదలకూడదు..."

 అమ్మమ్మ మనవరాలి జబ్బ పట్టుకుని లేపింది. నాలుగు అడుగులు. గడప. హాల్లో ఎండ కళ్ళలో గుచ్చుకుంది. గువ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎన్నాళ్ళకో నవ్వింది. అమ్మమ్మ సంబరంగా పుస్తకంలో రాసుకుంది. పన్నెండూ పది. గువ్వ బయటికి వచ్చింది.

గువ్వా గువ్వా ఎటు పోతావే...

మూడో ముక్క దగ్గర ఆగి, ఊఁ ఊఁ అనుకుని, అమ్మమ్మ పెన్సిలు చెక్కబోయింది.

చెక్కడానికి పెన్సిలేదీ? వేళ్ళ మధ్య గోరంత ముక్క ఉంది. ఇప్పుడే కదా కొత్తది తీసింది? కిందికి చూసింది. ఒళ్ళో పొట్టు గుట్టగా ఉంది. పాదాల దగ్గర ఇంకో గుట్ట.

గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. గువ్వ కుర్చీలో ఉంది. పొద్దున పెట్టిన మంచినీళ్ళ గ్లాసు నిండుగా అలాగే ఉంది. ఫ్యాను మోత.

"ఏంటి అమ్మమ్మా, పాట ఆపేశావు?"

ఆవిడ పుస్తకం తెరిచింది. తెరిచిన పేజీ తన రాతే. కానీ రాసినట్టు గుర్తు లేదు.

పన్నెండూ పది. గువ్వ బయటికి వచ్చింది.
పన్నెండూ పది. గువ్వ బయటికి వచ్చింది.
పన్నెండూ పది. గువ్వ...

వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు. పైన అక్షరాలు గుండ్రంగా, నిలకడగా ఉన్నాయి. కిందికొచ్చేకొద్దీ వణికాయి. పదకొండోదాని కింద ఇంకో వాక్యం ఉంది. పెన్సిలు కాగితంలోకి దిగబడేంత గట్టిగా రాసింది.

ఈసారి చెయ్యి వదలకు.

"గువ్వా..." పుస్తకం దాని చేతిలో పెట్టింది. "ఇది చదువే."

గువ్వ చదివింది. అమ్మమ్మ పాదాల దగ్గరున్న పొట్టు చూసింది. తర్వాత, తను చెరిపేసిన లైను తెర మీద ఎక్కడుండేదో అక్కడ చూసింది. ఉంది. చెక్కుచెదరకుండా ఉంది. 

"మనం వెళ్ళాం" అంది గుసగుసగా. "పదకొండుసార్లు వెళ్ళాం. నేను లేవడం ఈ ఇండికేటర్‌కి తప్పు బాణం. వెనక్కి వెళ్ళి దిద్దేసుకుంటోంది..."

"మరి పుస్తకం?"

"పుస్తకం సంగతి దానికి తెలీదు. తెర మీద లేదుగా. పెన్సిలు సంగతీ తెలీదు." చల్లటి వేళ్ళతో అమ్మమ్మ చెయ్యి నొక్కింది. "నువ్వు వెళ్ళు అమ్మమ్మా. అది నిన్నేం అనట్లేదు. నేను కూర్చున్నంతసేపు నిన్ను వదిలేస్తుంది."

"నోర్ముయ్. మీ అమ్మకి మాటిచ్చాను."

"కూర్చోకపోతే ఏం చేస్తుందో..."

"ఏం చేస్తే అదే చేసుకోనీ. లే."

కొవ్వొత్తి కదిలింది. పైకి. కిందికి. గదిలో కాలిన వాసన. అమ్మమ్మ తన కొంగు చివర గువ్వ మణికట్టుకి చుట్టి ముడి వేసింది. ఇంకో ముడి. ఆపైన చెయ్యి పట్టుకుంది.

ఒక అడుగు. వెనక కుర్చీ తనంతట తానే కిర్రుమంది.

రెండు అడుగులు. చూడకు. వెనక్కి చూడకు.

మూడు...

గడప మీద గువ్వ ఆగింది. అమ్మమ్మ చెవి దగ్గరికి వంగి ఒక మాట చెప్పింది. ఆవిడ సరేనంది. ఇద్దరూ కలిసి కాలెత్తారు.

ఎండ.

అరచేతిలో వెచ్చదనం ఉంది. అమ్మమ్మ గట్టిగా నొక్కింది. అది మరీ సన్నగా తగిలింది. వేళ్ళు విప్పి చూసింది. గోరంత పెన్సిలు ముక్క.

కొంగు చివర రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. వాటి మధ్య మణికట్టు పట్టేంత ఖాళీ.

సాయంత్రం ఆరింటికి కూతురు వచ్చేసరికి ఆవిడ ఆ గది గడపలోనే కూర్చుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా, సామాన్ల గది ముందు?"

లోపల ట్రంకుపెట్టెలు, పాత దుప్పట్లు, విరిగిన ఫ్యాను రెక్కలు. దుమ్ము చూస్తే ఏళ్ళ నాటిది. కుర్చీ లేదు. వంటింట్లో రెండే కంచాలు.

"గువ్వ ఏదే?"

"ఏ గువ్వమ్మా? కిటికీలో పెట్టిందా గూడు?"

"నీ కూతురే!"

కూతురు తల్లి నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళైన కొత్తలో ఒక కాన్పు పోయిందనీ, తర్వాత పిల్లలే పుట్టలేదనీ, ఆ సంగతి ఇప్పుడెందుకు తవ్వుతున్నావనీ మెల్లగా చెప్పింది. అమ్మమ్మ పుస్తకం చేతికిచ్చింది.

కూతురు ఒక్కో పేజీ తిప్పింది. తిప్పుతున్న వేలు ఆగిపోయింది.

"అమ్మా... ఇది నీ రాతా? నీకు అక్షరం ముక్క రాదు కదా. నీకెవరు నేర్పారు?"

ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో ఇప్పటికీ జవాబు లేదు. సామాన్ల గది కిటికీకి నల్ల కాగితం ఎవరు అంటించారో కూడా కూతురికి తెలియదు. చింపబోతే అమ్మమ్మ చింపనివ్వలేదు.

ఆవిడ రోజూ పుస్తకం తీసి చూస్తుంది. పదకొండు వాక్యాలూ అలాగే ఉన్నాయి. పన్నెండోది రాయలేదు. గువ్వ చెప్పింది చెప్పినట్టు రాయాలంటే ఆవిడకి చెయ్యి రాలేదు. చూడనిది ఎప్పుడూ రాయలేదు ఆవిడ. రాసిందంతా నిజం కాబట్టే కదా ఆ పుస్తకం నిలిచింది? అబద్ధం రాస్తే అదీ తెర లాంటిదే అయిపోదూ?

కానీ నిన్న మొదటి పేజీ చూసుకుంటే, దిద్దుకోమని గువ్వ తన చేత్తో పెట్టిన 'నీ' అక్షరం కనిపించలేదు. కాగితం తెల్లగా ఉంది. అంటే పుస్తకం సంగతి దానికి తెలిసిపోయింది.

ఇక ఆలోచించలేదు. ఇవాళ మధ్యాహ్నం గోరంత పెన్సిలుతో పన్నెండో వాక్యం రాసేసింది. చుక్క పెట్టింది.

మూసి ఉన్న సామాన్ల గదిలోంచి, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

తర్వాత ఒక అడుగు. రెండు. మూడు. అవి గడప అవతల ఆగాయి. తలుపు సందులోంచి కాలిన వాసన. పుస్తకంలో పన్నెండో వాక్యం పక్కన చిన్న బాణం ఒకటి మొలుస్తోంది. ఆవిడ దగ్గరున్నది నల్ల పెన్సిలు. బాణం నల్లది కాదు. ఏ రంగో చూడకుండా అమ్మమ్మ దాన్ని అరచేత్తో కప్పేసింది. గువ్వ గడప మీద చెవిలో చెప్పిన ఆఖరి మాటనే, పాటలా, పైకి అనుకుంటూ తలుపు గొళ్ళెం మీద రెండో చెయ్యి వేసింది.

"నేను దాటానని రాయి అమ్మమ్మా. దాటకపోయినా సరే... దాటాననే రాయి."