రెప్ప వాల్చని ఆరు రాత్రులు

"ఓ పిల్లగా! నీ పొట్టేలు మా మందల జొచ్చింది. తోలుకపోతవా, కోసుకొని తినమంటవా?"

గోపమ్మ పర్వతాలుతో అన్న మొదటి మాట అది. నయా పైసలు కొత్తగా వచ్చిన ఏడు, కల్వకుర్తి అవతలి గుట్ట మీద, ముసురు పట్టిన పొద్దున.

"నువ్వు వండుతనంటే కొయ్యి పిల్లా. నేను గూడ వచ్చి తింట," అన్నాడతను గొంగడి సర్దుకుంటూ.

"అబ్బో, సోకు జూడు!" అంది గానీ, వెనక్కి తిరిగాక నవ్వాపుకోలేకపోయింది. ఆ తర్వాత పొట్టేలు రోజూ దారి తప్పేది. పాపం, దాని తప్పేం లేదు, తోలేవాడిదే.

చలికాలం మొదట్లో గోపమ్మ తండ్రి ఐలేశం కాలు విరిగింది. చేలో కట్టిన మందకు రాత్రి కావలి లేదు, తోడేళ్ళు తిరుగుతున్నాయి. ఒకరి సాయం అడగడమంటే ఐలేశానికి తల తీసేసినట్టు. అందుకని కూలికి ఎవరినో పెట్టానని తండ్రితో అబద్ధమాడి, గోపమ్మ పర్వతాలును బతిమాలింది.

"పగలు నీ మంద ఉండె. రాత్రి మాది గాస్తే ఎప్పుడు పండుకుంటవ్?"

"లగ్గమైనంక పండుకుంట తియ్యి."

ఆరు రాత్రులు రెప్ప వాల్చలేదు మహానుభావుడు. నాలుగో రోజుకు చేతిలో కట్టె పెట్టుకుని కట్టె కోసం వెతికాడు. ఐదో రోజు లేని తోడేలును అదిలించాడు. గోపమ్మ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు తలచుకుని తర్వాత ఎంత ఏడ్చిందో!

ఏడో రోజు, ముందే అనుకున్నట్టు, పర్వతాలు తల్లి గుర్వమ్మ కొడుకును వెంటబెట్టుకుని పిల్లనడగ వచ్చింది.

"నా బిడ్డను ఎట్ల సాకుతవ్ కొడుకా?" అన్నాడు ఐలేశం.

పర్వతాలు ఎర్రటి కళ్ళతో చూశాడు. "కుక్కను ఇడువుండ్రి, కుక్కను..." అంటూ గోడకు ఒరిగి గురక పెట్టాడు.

ఐలేశం భగ్గుమన్నాడు. "పొద్దుగాలనే తాగొచ్చిండు! మా అన్న మంద మొత్తం తాగుడుకే పాయె. నా బిడ్డనియ్య!"

"నా కొడుకు ముట్టడయ్యా!" అని గుర్వమ్మ మొత్తుకుంది. వాడు రాత్రుళ్ళు ఎక్కడుంటున్నాడో ఆమెకూ తెలియదు.

తలుపు చాటున గోపమ్మ. ఒక్క మాట చెబితే చాలు. కానీ రోజూ చీకట్లో అతనికి తినడానికి జొన్న గట్క మోసుకెళ్ళింది తనేనని పదిమందిలో ఎట్లా చెప్పడం? నిద్రలోనే ఉన్న పర్వతాలును ఇద్దరు మోసుకుపోయారు.

ఆ కోపంలోనే ఐలేశం, గోపమ్మను అడగడానికి వచ్చి ఊళ్ళోనే ఉన్న జడ్చర్ల సంబంధం వాళ్ళ పెద్దను పిలిపించి తాంబూలం పుచ్చుకున్నాడు. అప్పుడు చెప్పింది గోపమ్మ, తండ్రి కాళ్ళ మీద పడి.

ఐలేశం నెత్తి కొట్టుకున్నాడు. "గీ మాట పొద్దుగాల జెప్పకపోతివి బిడ్డా! ఇచ్చిన మాట ఎట్ల దీసుకుందు?"

గోపమ్మ గుర్వమ్మ ఇంటికి పరుగెత్తింది. పర్వతాలు నులకమంచం మీద పడి నిద్రపోతున్నాడు. జరిగిందేదీ ఎరగడు. ఆమె తన తప్పంతా చెప్పుకుందామని భుజం పట్టి కుదిపింది. చాలాసేపటికి సగం కన్ను తెరిచాడు.

"గోపమ్మా... మీ బాపు ఏమన్నడు?"

ఆ కళ్ళ ఎరుపు చూశాక ఆమెకు నిజం చెప్పడం చేతకాలేదు.

"సరేనన్నడు. జర పండుకో."

అతను నవ్వి, అటు తిరిగి పడుకున్నాడు. కొంగు నోట్లో కుక్కుకుని గోపమ్మ బయటికి నడిచింది.